పొరల మధ్య నెత్తురు: ధమని చీలికకు కారణం వెదికిన చరిత్ర

ఇంగ్లండు రాజు రెండవ జార్జి 1760 అక్టోబరు 25న ఎప్పటిలాగే పెందలాడే లేచాడు. కెన్సింగ్టన్ ప్రాసాదంలోని తన గదిలో ఒక కప్పు చాకొలెట్ పానీయం తాగి మరుగు గదిలోకి వెళ్లాడు. కొద్దిసేపటికి లోపలినుంచి మూలుగు, మనిషి పడిపోయిన చప్పుడు వినిపించాయి. సేవకుడు పరుగున వెళ్లి చూసేసరికి రాజు నేలమీద ఉన్నాడు. కాసేపటికే ప్రాణం పోయింది. అప్పటికి ఆయన వయస్సు 76 ఏళ్లు. ఇలాంటి చావును చూసి తెలుగువాళ్లు గుండె పగిలి పోయాడంటారు. ఈ రాజు విషయంలో ఆ మాట దాదాపు అక్షరసత్యమని మర్నాటికి తేలింది.

రాజదేహాన్ని చెడిపోకుండా భద్రపరిచే పని ఆస్థాన వైద్యుడు ఫ్రాంక్ నికల్స్ మీద పడింది. ఆ కాలంలో అందుకు శరీరాన్ని తెరవక తప్పదు. ఛాతీ తెరిచి చూస్తే గుండె చుట్టూ ఉండే సంచి గడ్డకట్టిన నెత్తురుతో నిండి బిగుసుకుపోయి ఉంది. ఆ నెత్తురు ఒక పైంటు, అంటే సుమారు అర లీటరు. గుండె కుడి జఠరికలో ఒక చిల్లు కనిపించింది. దానితోపాటు బృహద్ధమని లోపలి గోడమీద, అడ్డంగా, అంగుళంన్నర పొడవున ఒక చీలిక ఉంది. ఆ చీలికలోంచి కొంత నెత్తురు ధమని పైపొర కిందికి పాకి, అక్కడ నల్లగా కమిలి ఉబ్బింది. ఈ వివరాలన్నీ నికల్స్ రాయల్ సొసైటీ అధ్యక్షుడైన మాకిల్స్‌ఫీల్డ్ ప్రభువుకు లేఖగా రాశాడు. సొసైటీ పత్రికలో అచ్చయిన ఆ లేఖ, బృహద్ధమని పొరలు చీలడాన్ని కళ్లారా చూసి స్పష్టంగా నమోదుచేసిన తొలి పత్రాలలో ఒకటిగా వైద్యచరిత్రలో నిలిచింది.

నికల్స్‌కు ఆ దృశ్యం పూర్తిగా కొత్తది కాదు. అంతకు ముప్ఫై రెండేళ్ల క్రితం, 1728లో, ధమని లోపలి పొరలు తెగినా పైపొర తెగకుండా ఉబ్బగలదని ఆయన రాయల్ సొసైటీ ముందు వాదించాడు. రాజు శరీరంలో కనిపించింది ఆ వాదనకు సాక్ష్యం. అయితే ఆ రోజే ఎందుకు చీలింది? మలవిసర్జన కోసం ముక్కిన ముక్కుడు వల్ల అని ఆయన నిర్ణయించాడు. చీలిక ఎక్కడ ఉందో చూసినవాడికి అది ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలనిపించడం సహజం. ఆ రెండో ప్రశ్నకు సమాధానం కూడబెట్టడానికి వైద్యశాస్త్రానికి ఇంకో రెండు శతాబ్దాలు పైగా పట్టింది.

బృహద్ధమని గోడ మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో మూడు పొరలు. లోపలిది నెత్తురును తాకే పలుచని పొర, బయటిది పీచుతో అల్లిన తొడుగు, ఈ రెంటి నడుమ ఉన్నది అసలు బలం. ఛాతీ భాగంలో ఆ మధ్య పొర యాభై, అరవై సాగే రేకులను ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ రేకులు సాగి, తిరిగి ముడుచుకుంటాయి. రోజుకు సుమారు లక్షసార్లు ఇది జరుగుతుంది. రేకులకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్‌ను శరీరం ప్రధానంగా పెరిగే వయసులోనే తయారుచేసుకుంటుంది. ఆ తరువాత జీవితాంతం దాదాపు ఆ పాత సరుకుతోనే గడపాలి. లోపలి పొర ఎక్కడైనా చిరిగిందంటే నెత్తురు ఆ చిరుగులోంచి మధ్య పొరలోకి దూరి, రేకులను విడదీసుకుంటూ ముందుకు పోతుంది. అరటిదూట పొరల మధ్య వేలు దూర్చి లాగినప్పుడు ఎలా విడిపోతాయో అలా. నెత్తురుకు అసలు దారి పక్కనే ఒక దొంగదారి ఏర్పడుతుంది. ఆ దొంగదారి బయటికి తెగితే క్షణాల్లో మరణం. పక్క ధమనుల నోళ్లను నొక్కేస్తే మెదడుకో, మూత్రపిండానికో, కాలికో నెత్తురు అందదు.

ఈ వ్యాధికి సరైన పేరు దొరకడానికే చాలాకాలం పట్టింది. ధమని ఉబ్బును గ్రీకులు ఎన్యూరిజం అన్నారు. గేలెన్ దానిని వర్ణించాడు. పదకొండో శతాబ్దపు తొలి ఏళ్లలో కన్నుమూసిన కోర్డోబా శస్త్రవైద్యుడు అల్-జహ్రావీ తన అరబ్బీ గ్రంథంలో ధమనుల ఉబ్బులను వేరుగా పేర్కొని, మెడలోనూ చంకలోనూ గజ్జలోనూ ఉన్నవాటి జోలికి కత్తితో పోవద్దని హెచ్చరించాడు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో సిరాజగ్రంథి అనే ఉబ్బు ప్రస్తావన ఉంది. బలహీనుడైనవాడు శక్తికి మించిన శ్రమ చేసినప్పుడు అది పుడుతుందని అక్కడ చెప్పారు. సుశ్రుతుడు బృహద్ధమని పొరల చీలికను చూశాడనడం అతిశయోక్తి అవుతుంది. అయితే శరీరపు బలహీనత ఒకటి, దానిమీద పడే శ్రమ ఒకటి అని కారణాన్ని రెండుగా చూసిన ఆ తీరు మాత్రం గుర్తుంచుకోదగ్గది. వీరందరూ చూసినవి చేతికి తగిలే ఉబ్బులు. ఛాతీ లోపల జరిగేది శరీరాన్ని తెరిస్తే తప్ప తెలియదు.

రాజు మరణించిన మరుసటి ఏడు, 1761లో, పాడువా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మొర్గాన్యీ తన మహాగ్రంథాన్ని వెనిస్‌లో అచ్చువేయించాడు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. వ్యాధుల స్థానాలు, కారణాలు అన్నది ఆ గ్రంథం పేరులోని సారాంశం. సుమారు 700 శవపరీక్షలను, ఆ మనుషులు బతికుండగా పడిన బాధలతో జోడించి, డెబ్బై లేఖల రూపంలో రాశాడు. బృహద్ధమని గోడ పొరల మధ్యకి నెత్తురు చొరబడిన సందర్భాలు అందులోనూ ఉన్నాయి. జెనీవా శస్త్రవైద్యుడు మోన్వార్ 1802లో దీనికి పొరచీలిక అనే అర్థంలో డిసెక్షన్ అన్న మాట వాడాడు. స్టెతస్కోపు కనిపెట్టిన లెనెక్ 1819లో దానిని ఎన్యూరిజంతో జతచేసి, పొరలు చీల్చే ఎన్యూరిజం అన్నాడు. ఆ జంట పేరు స్థిరపడిపోయింది, దానితో ఒక గందరగోళమూ స్థిరపడింది. ఉబ్బు వేరు, పొరచీలిక వేరు. ఏళ్ల తరబడి ఉబ్బిన ధమని ఒకనాడు చీలవచ్చు. ఏ ఉబ్బూ లేని ధమనిలోనూ చీలిక రావచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో ఛాతీలోని ధమని ఉబ్బులకు సుఖవ్యాధి సిఫిలిస్ ముఖ్యకారణంగా ఉండేది. రెంటికీ ఒకే పేరు ఉండడంతో చీలికకు కూడా అదే కారణమేమోనన్న అనుమానం సాగింది. నిజానికి సిఫిలిస్ మధ్య పొరను మచ్చలు కట్టించి గిడసబారుస్తుంది. గిడసబారిన గోడ ఉబ్బుతుంది, పగులుతుంది కాని పొరలుగా విడిపోవడం అరుదు.

నికల్స్ అడిగిన ప్రశ్న అప్పటికి రెండు ప్రశ్నలైంది. చీలికకు మూలం నెత్తురు తోపుడా, లేక గోడలోని లోపమా? ఈ రెంటినీ విడివిడిగా పరీక్షించే మార్గాలు 1896లో ఒకే ఏడాది కనిపించాయి. ఆ ఏడాది ఇటలీలో రివా-రోచ్చీ చేతికి పట్టీ కట్టి రక్తపు ఒత్తిడి కొలిచే సాధనాన్ని ప్రకటించాడు. అంతకుముందు ఒత్తిడి సరిగా కొలవాలంటే ధమనిని తెరవవలసిందే. 1889లో నిజాం ధనసహాయంతో హైదరాబాదులో జరిగిన రెండవ క్లోరోఫాం కమిషన్ ప్రయోగాలలో కుక్కల రక్తపు ఒత్తిడిని అలాగే కొలిచారు. చేతిపట్టీ వచ్చాక బతికున్న మనిషిలో తోపుడు ఎంతో అంకెల్లో తెలిసింది. ఆ ఏడాదే పారిస్‌లో పిల్లల వైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్, అసాధారణంగా పొడవైన కాళ్లు, చేతులు, సాలీడు కాళ్లవంటి వేళ్లు ఉన్న గాబ్రియేల్ అనే అయిదేళ్ల పాపను తన తోటివైద్యులకు చూపించాడు. ఆమెకు ఉన్నది నేడు మార్ఫాన్ పేరుతో పిలిచే జబ్బు కాకపోవచ్చునని తరువాతివారు అనుమానించారు. పేరు మాత్రం నిలిచింది. ఆ పొడుగాటి మనుషుల్లో బృహద్ధమని చిన్నవయసులోనే ఉబ్బి చీలుతుందన్న సంగతి 1943లో గాని వైద్యపత్రికల్లోకి ఎక్కలేదు.

ఈలోగా సూక్ష్మదర్శిని కింద గోడ పరిశీలన సాగింది. 1928లో స్విట్జర్లాండ్‌లో గ్సెల్, ఆ తరువాత వియన్నాలో ఎర్డైమ్, చీలిన ధమనుల మధ్య పొరలో కణాలు నశించి, సాగే రేకులు తెగి, వాటి చోట జిగురువంటి పదార్థం నిండిన గుంటలను వర్ణించారు. ఎర్డైమ్ ఇచ్చిన పేరులో కారణం తెలియదన్న ఒప్పుకోలు కూడా ఉంది. చాలాకాలం వైద్యులు ఆ పేరునే కారణంగా చెప్పుకున్నారు. అలాంటి మార్పులు వయసు మీదపడిన మామూలు ధమనుల్లో కూడా కొంతమేరకు కనిపిస్తాయని తరువాత తెలిసింది. గోడ అరిగిందని ఆ గుంటలు చెప్పాయి, ఎందుకు అరిగిందో చెప్పలేదు.

ఆ ఎందుకుకు ఒక జవాబు చిక్కుడు కుటుంబపు మొక్కనుంచి వచ్చింది. తెలుగునాట కందిపప్పులో కల్తీగా పేరుమోసిన కేసరి పప్పు చాలామందికి తెలుసు. అది కరువు రోజుల్లో తిన్నవాళ్ల కాళ్లను చచ్చుబరుస్తుందని దాని అమ్మకాన్ని 1961లో నిషేధించారు. దాని దగ్గరి బంధువు, పూలకోసం పెంచే తీపి బఠాణీ. 1952లో అమెరికాలోని అయోవాలో పోన్సెటీ, బేర్డ్ అనే ఇద్దరు ఆ పూలమొక్క గింజలను ఎలుకలకు మేపారు. ఎలుకల వెన్ను వంకరపోయింది, బృహద్ధమని పొరలుగా చీలింది. కేసరి పప్పులోని విషం నరాలను పట్టుకుంటే, ఈ గింజలలోని విషం మరొకచోట దెబ్బ కొడుతుంది. కొలాజెన్, ఎలాస్టిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ముడులు పడని పోగులతో నేసిన గుడ్డ ఎంత గట్టిదో ఆ ధమని అంత గట్టిది. గోడలోని పోగుల అల్లిక చెడితే చాలు, చీలిక రావచ్చునని ఆ ఎలుకలు నిరూపించాయి.

మనుషుల్లో ఆ అల్లికను పుట్టుకతోనే చెడగొట్టేవి జన్యువులు. విక్టర్ మెక్యూసిక్ 1956లో వంశపారంపర్యంగా వచ్చే సంధాయక కణజాల వ్యాధులపై ఒక పుస్తకం రాసి, మార్ఫాన్ వ్యాధిని ఆ వరుసలో ముందు నిలిపాడు. 1986లో ఫిబ్రిల్లిన్ అనే మాంసకృత్తిని, 1991లో దాని జన్యువులో దోషాలే మార్ఫాన్ వ్యాధికి మూలమని కనుగొన్నారు. 2005లో లోయిస్, డీట్జ్ మరో వ్యాధిని వర్ణించారు. దానిలో బృహద్ధమనితో పాటు మెడలోని, మెదడులోని ధమనులు కూడా మెలికలు తిరిగి, ఉబ్బి, చీలుతాయి. ఎహ్లర్స్-డాన్లోస్ వ్యాధిలో ఒక రకం కొలాజెన్ లోపం వల్ల ఏ ధమని ఎప్పుడు తెగుతుందో చెప్పలేము. ఇవేవీ బయటికి కనిపించని కుటుంబాలూ ఉన్నాయి. ఛాతీలోని బృహద్ధమని ఉబ్బినవాళ్లలో, చీలినవాళ్లలో సుమారు అయిదో వంతు మందికి రక్తసంబంధీకుల్లో ఎవరికో ఒకరికి అదే జబ్బు ఉంటుంది.

మార్ఫాన్ వంటి వ్యాధులకు తల్లి తండ్రుల్లో ఒకరినుంచి దోషం వచ్చినా చాలు. మరికొన్నింటికి ఇద్దరినుంచీ రావాలి. మేనరికాలు చేసుకునే తెలుగువాళ్లు, పినతండ్రి, పెదతండ్రి పిల్లల మధ్య పెళ్లిళ్లు జరిపే అరబ్బులు ఈ రెండో రకం విషయంలో ఒకే పడవలో ఉన్నారు. కేరళ మలబారు ప్రాంతంలో ఫిబ్యులిన్-4 అనే జన్యువులో ఒకే మార్పు వల్ల బృహద్ధమని భయంకరంగా ఉబ్బిన 22 మంది పసిపిల్లల వివరాలను 2012లో కొచ్చి వైద్యులు ప్రచురించారు. మెక్యూసిక్ ప్రపంచానికి ఇచ్చిన జన్యువ్యాధుల పట్టికను పోలిన పట్టికను అరబ్బుల కోసం తయారుచేయడానికి దుబాయిలో 2003లో ఒక జన్యు అధ్యయన కేంద్రం ఏర్పడింది. 2025 జనవరినుంచి ఎమిరేట్స్ పౌరులు పెళ్లికి ముందు జన్యుపరీక్ష చేయించుకోవడం తప్పనిసరి అయింది.

గోడ సంగతి ఇలా తేలుతుండగా, తోపుడు సంగతి తేల్చినవి టర్కీ కోళ్లు. 1950లలో అమెరికా ఫారాల్లో బలిసిన మగ టర్కీలు ఉన్నట్టుండి బృహద్ధమని పగిలి చచ్చేవి. మేతలో కాస్త రిసర్పిన్ కలిపితే ఆ చావులు తగ్గాయి. రిసర్పిన్ సర్పగంధ వేరునుంచి వచ్చిన మందు. ఆ వేరు పిచ్చికీ నెత్తురు పోటుకీ పనిచేస్తుందని కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హృద్రోగ పత్రికలో దాని గుణాన్ని ప్రకటించాక పాశ్చాత్య ప్రపంచం మేలుకుంది. 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పిన్‌ను వేరుచేశారు. ఫ్లోరిడాలో శస్త్రవైద్యుడు మైరన్ వీట్, ఆయన సహచరులు 1965లో బృహద్ధమని చీలిన రోగులకు కత్తి పెట్టకుండా, రిసర్పిన్ వంటి మందులతో చేసిన చికిత్సను ప్రచురించారు. ఒత్తిడి ఎంత అన్నదానితో పాటు, ప్రతి గుండెదెబ్బతో ఆ ఒత్తిడి ఎంత వేగంగా ఎగుస్తుంది అన్నదీ చీలికను ముందుకు తోస్తుందని వాళ్లు వాదించారు. నేటికీ చీలిక రోగికి మొదట చేసేది గుండెదెబ్బ జోరు తగ్గించి, ఒత్తిడిని దించడమే. మందులు మారాయి, సూత్రం మారలేదు.

2000 సంవత్సరంలో వెలువడిన అంతర్జాతీయ నమోదు పట్టికలో 464 మంది బృహద్ధమని చీలిక రోగుల వివరాలు ఉన్నాయి. వారిలో 72 శాతం మందికి ముందునుంచీ అధిక రక్తపోటు ఉంది. మార్ఫాన్ వ్యాధి ఉన్నవాళ్లు ఇరవైమందిలో ఒకరు. అంటే పాతికేళ్ల తోపుడు మామూలు గోడను కూడా అరగదీయగలదు. గోడ పుట్టుకతో పలుచనైతే మామూలు తోపుడే చాలు. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబడితే ఆ కొద్ది క్షణాలు రక్తపోటు 300 దాటినట్టు కొలిచారు. రాజు ముక్కుడు గురించి నికల్స్ రాసింది తప్పు కాదు. అది చివరి తోపు. అంతకుముందు గోడలో ఏం జరిగిందో చూసే సాధనం ఆయన దగ్గర లేదు.

గోడను అరగదీసేవాటి పట్టిక ఇంకా పెరుగుతూనే ఉంది. పొగాకు, కొకైన్, గర్భం చివరి రోజులు అందులో ఉన్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ వర్గపు యాంటీబయోటిక్ మందులను ధమని ఉబ్బు ఉన్నవారికి, వచ్చే అవకాశం ఉన్నవారికి వీలైనంతవరకు ఇవ్వవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. మందుల దుకాణంలో నోటిమాటతో ఆ మాత్రలు కొనుక్కునే తెలుగు ఊళ్లలో ఈ హెచ్చరిక వినబడవలసినంత వినబడలేదు. వింత ఏమిటంటే, అన్ని రక్తనాళాలకూ శత్రువైన మధుమేహం ఈ ఒక్క చీలిక విషయంలో కొంత రక్షణ ఇస్తున్నట్టు కనిపిస్తుంది. చక్కెర అంటుకుని పోగులు బిగుసుకుపోవడం అందుకు కారణం కావచ్చునంటారు.

మెదడుకు పోయే ధమనుల్లో ఈ కథ మరో మలుపు తిరుగుతుంది. మెడలో నాలుగు ధమనులు పైకి పోతాయి. ముందు రెండు కెరోటిడ్లు. వెనుక రెండు వెర్టిబ్రల్ ధమనులు వెన్నుపూసల రంధ్రాల గుండా పాకి, పుర్రెలోకి దూరేముందు ఒక మెలిక తిరుగుతాయి. తల తిరిగిన ప్రతిసారీ ఆ మెలిక సాగుతుంది. అక్కడ లోపలి పొర చిరిగితే నెత్తురు గోడలో చేరి దారిని ఇరుకు చేస్తుంది. చిరిగినచోట గడ్డకట్టిన ముక్క మెదడుకు కొట్టుకుపోతే పక్షవాతం వస్తుంది. మిల్లర్ ఫిషర్, ఆయన సహచరులు 1978లో దీన్ని సవివరంగా రాశారు. ఆ తరువాతే ఇది అరుదైన వింత కాదని, యాభై ఏళ్ల లోపువారి పక్షవాతానికి ముఖ్యకారణాలలో ఒకటని తెలిసింది. మెడకు తగిలిన చిన్న దెబ్బ, గట్టి దగ్గు, ఈమధ్యే తగ్గిన జ్వరం, పార్శ్వపు తలనొప్పి ఉన్న తత్వం వీరిలో తరచుగా కనిపిస్తాయి. ఒక జన్యువులోని చిన్న తేడా ఈ చీలికకు అవకాశం పెంచుతూనే గుండెపోటుకు అవకాశం తగ్గిస్తుందని 2015 ప్రాంతపు పరిశోధనలు చూపాయి.

పుర్రె లోపలికి వెళ్లాక అవే ధమనుల గోడ మారిపోతుంది. బయటి సాగే రేకు ఉండదు. మధ్య పొర, పైతొడుగు రెండూ పలుచనవుతాయి. అందువల్ల అక్కడి చీలిక దారిని మూయడమే కాక, బయటికి తెగి మెదడు పొరల కింద నెత్తురు నింపగలదు. ఒకే చీలిక మెడలో ఉంటే నెత్తురు పలుచబరిచే మందు ప్రాణం కాపాడుతుంది. పుర్రెలో తెగిన చీలికకు అదే మందు ప్రాణం తీయవచ్చు. కారణం ఒకటే అయినా చోటు మారితే వైద్యం తలకిందులవుతుంది. మొర్గాన్యీ తన గ్రంథం పేరులో స్థానాలను, కారణాలను పక్కపక్కన పెట్టడం ఎంత సబబో ఇక్కడ తెలుస్తుంది.

తలస్నానపు తొట్టి అంచున మెడ వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్నాక పక్షవాతం వచ్చిన అయిదుగురు స్త్రీల గురించి 1993లో అమెరికా వైద్యపత్రికలో వచ్చింది. 2022 చివర హైదరాబాదులో యాభై ఏళ్ల ఒక స్త్రీకి అలాగే బ్యూటీ పార్లరులో కళ్లు తిరిగి, వాంతులై, వెనుక మెదడుకు నెత్తురు అందలేదని స్కానులో తేలింది. ఆమె విషయంలో వైద్యుడు చెప్పింది ధమని నలగడం, చీలడం కాదు; కాని దెబ్బ తగిలిన చోటు అదే. క్షౌరశాలల్లో పని ముగిశాక తలను చటుక్కున తిప్పి మెడ మెటిక విరిచే అలవాటు తెలుగునాట ఇంకా ఉంది. గోడ మంచిదైతే ఏమీ కాదు. గోడ మంచిదో కాదో మెడ విరిచేవాడికీ విరిపించుకునేవాడికీ తెలియదు.

ఈ జ్ఞానమంతా ఒక్క మనిషి జీవితంలో కలిసిన సందర్భం ఒకటి ఉంది. లెబనాన్‌నుంచి అమెరికాకు వలస వెళ్లిన దంపతుల కొడుకు మైకేల్ డెబేకీ, 1954లో చీలిన బృహద్ధమనిని కత్తిరించి బాగుచేసే శస్త్రచికిత్సను విజయవంతం చేశాడు. చీలికలను వాటి చోటునుబట్టి విభజించే పద్ధతుల్లో ఒకటి ఆయన పేరుమీదే ఉంది. 2005 డిసెంబరు 31న, 97వ ఏట, ఆయన ఛాతీలో చీలుస్తున్నట్టు నొప్పి వచ్చింది. అది ఏమై ఉంటుందో ఆయనే ఊహించాడు. స్కాను ఆ ఊహను నిజం చేసింది. మొదట శస్త్రచికిత్సకు ఒప్పుకోలేదు. స్పృహ తప్పే స్థితికి వచ్చాక, 2006 ఫిబ్రవరిలో, ఆయన శిష్యపరంపర ఆయన కనిపెట్టిన పద్ధతిలోనే ఆయనకు చికిత్స చేసింది. రెండేళ్లకు పైగా బతికి, 2008 జూలై 11న మరణించాడు.

డెబేకీకి దక్కింది సరైన పేరు సమయానికి దొరకడం వల్ల. పై బృహద్ధమని చీలినప్పుడు తొలి రెండు రోజుల్లో చికిత్స లేకుండా గడిచే ప్రతి గంటకూ నూటికి ఒకరిద్దరు చొప్పున మరణిస్తారని వైద్యులు లెక్కవేస్తారు. ఛాతీ నొప్పిని గుండెపోటు అనుకుని నెత్తురు గడ్డను కరిగించే మందు ఇస్తే చీలిక మరింత తెగుతుంది.

గల్ఫ్ దేశాల్లోని తెలుగువాళ్ల విషయంలో ఈ పేరు సమస్య మరణం తరువాత కూడా కొనసాగుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాలనుంచి వెళ్లిన కార్మికుడు రాత్రి తన మంచం మీద పడుకుని పొద్దున లేవడు. అతను మోసే బరువులు ఎక్కువ. రక్తపోటు ఎప్పుడో వీసా పరీక్షలో కొలిచింది తప్ప మళ్లీ కొలిచి ఉండదు. కొలిచినా మందు క్రమంగా వేసుకుని ఉండడు. మరణపత్రంలో గుండె, ఊపిరి ఆగిపోవడమని రాస్తారు. ప్రతి మనిషీ చివరికి అలాగే పోతాడు గనుక అది కారణం కాదు, మరణానికి మరో పేరు. సాధారణంగా నేరానుమానం ఉంటే తప్ప శవపరీక్ష జరగదు. చేస్తామన్నా, శరీరం త్వరగా ఇల్లు చేరాలన్నది కుటుంబం కోరిక; కత్తి తగలకుండా రావాలన్నది మరో కోరిక. ఆ కోరికలను తప్పుపట్టలేము. దుబాయిలో మరణించినవాళ్లను కార్మికులు సోనాపూర్ అని పిలిచే ముహైస్నాలో మందు ఎక్కించి భద్రపరచి, పెట్టెలో పెట్టి, శంషాబాదు విమానాశ్రయానికి పంపుతారు. రాజు శరీరాన్ని భద్రపరచడానికి తెరవవలసి వచ్చింది గనుక కారణం బయటపడింది. నేటి పద్ధతిలో ధమనిలోకి మందు ఎక్కిస్తే సరిపోతుంది, తెరవనక్కరలేదు.

అలా వెళ్లినవాళ్లలో ఎందరు గుండెపోటుతో, ఎందరు మెదడులో నెత్తురుతో, ఎందరు బృహద్ధమని చీలి పోయారో ఆ పత్రాలనుబట్టి ఎవరూ చెప్పలేరు. ఇది గణాంకాల లోటు మాత్రమే అయితే సర్దుకోవచ్చు. గుండెపోటుతో పోయినవాడి తమ్ముడు పొగ మానాలి, కొవ్వు చూసుకోవాలి. బృహద్ధమని చీలి పోయినవాడి తమ్ముడికి, చెల్లెలికి, పిల్లలకు మరో పరీక్ష అవసరం. ఛాతీమీద అల్ట్రాసౌండ్ యంత్రం పెట్టి ధమని వెడల్పు కొలిచే ఆ పరీక్షకు అరగంట చాలు. ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరుకుతుంది. వెడల్పు అయిదు, అయిదున్నర సెంటీమీటర్లకు చేరితే చీలకముందే మార్చవచ్చు. అంతకు తక్కువైతే రక్తపోటు మందుతో, ఏటేటా కొలతతో కాచుకోవచ్చు. ఈ పని చేయడానికి కావలసిందల్లా పోయినవాడికి ఏమైందో తెలియడం. శరీరాన్ని కోయకుండా స్కానుతో చూసే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. గుండె సంచిలో నిండిన అర లీటరు నెత్తురు స్కానులో దాగదు.

నికల్స్ లేఖకు రెండున్నర శతాబ్దాలు దాటాయి. ఆ లేఖలో ఉన్నది ఒక వైద్యుడు చేయగల అతి మామూలు పని: ఏం జరిగిందో చూడడం, చూసింది రాయడం. రాజు కుటుంబానికి ఆ రాత వల్ల అప్పట్లో ఒరిగిందేమీ లేదు. దానితో ఏం చేయాలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ తెలివి వల్ల మేలు పొందగలిగిన తమ్ముళ్లు, పిల్లలు జగిత్యాల ఊళ్లలో ఉన్నారు. వాళ్ల చేతికి అందే కాగితంలో గుండె ఆగిందని మాత్రమే ఉంటుంది.